మూత తీయని పళ్లెం

2023 మార్చి. కలకత్తాలో మా ఆసుపత్రి మేల్ సర్జికల్ వార్డులో నర్సుగా చేరి నాకు అప్పటికి పదహారేళ్లు. ముప్పై రెండు మంచాలు, పొద్దుటి షిఫ్టులో ముగ్గురం. మా నాన్న శ్రీకాకుళం నుంచి ఖిదిర్‌పూర్ డాకులో, అంటే ఓడరేవులో, పనికి వచ్చినవాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అందుకని వార్డులో ఎవరి నోటైనా మా శ్రీకాకుళం ‘ఏటి’ అన్న మాట వినిపిస్తే చాలు, చేతిలో పని ఆపి అటు చూస్తాను.

అలా దొరికినవాడే పన్నెండో నంబరు మంచం దానియేలు తాత. డెబ్బై దాటాయి. డాకులో బస్తాలు మోసి రిటైరయ్యాడు. షుగరు వల్ల కాలికి పుండు పడితే రెండు వేళ్లు తీసేశారు. భార్య లేదు, హౌరాలో ఉన్న కూతురు సాయంత్రాలు వచ్చి చూసి వెళ్లేది. తెల్లవారగానే దుప్పటి మడిచి పెట్టి వార్డులో అందరి కోసం ప్రార్థన చేసేవాడు. బెంగాలీ పేర్లకు నోరు తిరగక మంచం నంబర్లు చెప్పేవాడు. ప్రభువుకి నంబర్లు తెలుసులే అని నవ్వేవాడు.

నాకూ ఒక అలవాటుంది. పొద్దుటి ఇంజెక్షన్లు అయిపోగానే లినెన్ రూములోకి, అంటే ఉతికిన దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్లి ఐదు నిమిషాలు ప్రార్థన చేసుకుంటాను. పదహారేళ్లలో మానిన రోజులు తక్కువ. దాని గురించి కొంచెం గర్వం కూడా ఉండేది, దాచడం ఎందుకు.

ఒక గురువారం కాలికి కట్టు కడుతుంటే తాత నా మొహం చూసి ఏటయిందని అడిగాడు. మా అమ్మ రొమ్ములో గడ్డ తేలింది, బయాప్సీ రిపోర్టు మర్నాడు వస్తుంది. ఇంట్లో అందరికీ ధైర్యం చెబుతూ తిరుగుతున్న దాన్ని, ఆయనకి మాత్రం అంతా చెప్పి ఏడ్చేశాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు.

మర్నాడు శుక్రవారం. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమదినాలు నడుస్తున్నాయి. మా వాళ్లలో చాలామంది శుక్రవారాలు ఉపవాసం ఉంటారు. ఇన్సులిన్ మీద ఉన్నవాడికి ఉపవాసం కుదరదని డాక్టరు తాతకి ముందే చెప్పాడు. తాత బుద్ధిగా తలూపాడు కూడా.

ఇన్సులిన్ సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. భోజనం ముందు ఇచ్చే రకం చాలా త్వరగా పని మొదలుపెడుతుంది. కడుపులో తిండి పడకపోతే రక్తంలో ఉన్న షుగరును కిందికి లాగేస్తుంది. దాన్ని హైపో అంటాం. ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది, ప్రాణమే పోవచ్చు. అందుకే మా చార్టులో ‘మీల్ సీన్’ అని ఒక గడి ఉంటుంది. రోగి తినడం నర్సు కళ్లారా చూశాకే అందులో టిక్ పెట్టాలి.

ఆ పొద్దున తాత మొహం కడుక్కుని, తలకి నూనె రాసుకుని, పాపిడి తీసి దువ్వుకుని కూర్చున్నాడు. పెళ్లికొడుకులా ఉన్నావని ఆటపట్టించాను. టిఫిను పళ్లెం రాగానే ఇన్సులిన్ ఇచ్చాను. కాసేపాగి అటువైపు వచ్చి తిన్నావా అని అడిగితే తలూపాడు. పళ్లెం మూతపెట్టి ఉంది. టిక్ పెట్టేసి లినెన్ రూముకి వెళ్లాను. ఆ రోజు ఐదు నిమిషాలు సరిపోలేదు, అమ్మ కోసం చాలాసేపు మోకాళ్ల మీదే ఉన్నాను.

పది గంటలవుతుండగా పదమూడో నంబరు రోగి గట్టిగా పిలిచాడు, దిదీ, తాత అదోలా ఉన్నాడు చూడండి అని. పరుగెత్తాను. తాత ఒళ్లంతా చెమట, చొక్కా తడిసిపోయింది. పిలిస్తే పలకడం లేదు. వేలు గుచ్చి చూస్తే, డెబ్బైకి తగ్గకూడని షుగరు ముప్పై నాలుగు. పళ్లెం మూత ఎత్తి చూశాను. రొట్టె, గుడ్డు, అరటిపండు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

నూనె రాసుకున్న ఆ తల అప్పుడు అర్థమైంది. ఉపవాసం ఉన్నవాడు మొహం వేలాడేసుకోకూడదు, తలకి నూనె రాసుకుని మొహం కడుక్కోవాలి, మనుషులకి తెలియనివ్వకూడదు. యేసు చెప్పిన మాట, సండే స్కూల్లో నేనే పిల్లలకి చెప్పే పాఠం అది.

చేతి సెలైన్ సూది ముందురోజే తీసేశారు. షుగరు ఎక్కించాలంటే మళ్లీ నరం దొరకాలి. మొదటిసారి గుచ్చితే దొరకలేదు, రెండోసారీ దొరకలేదు. జేబులో ఫోను మోగుతూనే ఉంది, రిపోర్టు తీసుకోవడానికి వెళ్లిన తమ్ముడని తెలుసు. ప్రార్థన మాట అటుంచి, ఆ నిమిషాన నాకు ఒక్క బైబిలు వాక్యం కూడా గుర్తు రాలేదు. మూడోసారి మా సీనియర్ మితాదీ సూది అందుకుని నరం పట్టింది. డెక్‌స్ట్రోజ్, అంటే చక్కెర నీళ్లు, ఎక్కించాం. ఆయన కళ్లు తెరవడానికి పట్టిన ఆ కాసేపూ నేను చంపేశాననే అనుకున్నాను.

తెరిచాక మొదట కూతురి పేరు పలికాడు. తరువాత నన్ను చూసి, “అమ్మకి ఏటొచ్చిందమ్మా?” అని అడిగాడు.

ఆ ఉపవాసం ఎవరి కోసమో అప్పుడు తెలిసింది. బయటికి వెళ్లి ఫోను చేశాను. అమ్మది క్యాన్సర్ కాదు, మామూలు గడ్డే. గోడకి ఆనుకుని ఏడ్చాను. తిరిగొచ్చి చెబితే తాత మొహం వెలిగిపోయింది, సూసినావా, నా ఉపాసం ఊరికే పోనేదు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చచ్చిపోయి ఉంటే మీ అమ్మాయికి నేనేం జవాబు చెప్పేదాన్ని, తిన్నానని అబద్ధం ఎందుకు చెప్పావని గట్టిగానే అడిగాను.

“తిన్నానని నాను అనలేదమ్మా, తలూపినానంతే,” అన్నాడు. ఆ మాట తనకే అతకలేదేమో, “తప్పేనమ్మా,” అని మొహం తిప్పుకున్నాడు.

రోగే తలూపాడని రిపోర్టులో రాసెయ్యి, నీ మీదకి రాదు అంది మితాదీ. నా మేలు కోరే అంది. కానీ చూడకుండా చూశానని టిక్ పెట్టిందాన్ని నేనే. ఆయన తలూపిన దాంట్లో ఎంత నిజముందో నా టిక్‌లోనూ అంతే ఉంది. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. మెమో ఇచ్చారు. రెండు వారాలు ఇంకో నర్సు పక్కన నిలబడి చూస్తుంటేనే ఇంజెక్షన్లు ఇవ్వాలన్నారు. నాకంటే చిన్నవాళ్ల ముందు అలా నిలబడటం సిగ్గుగానే ఉండేది.

అంతవరకు నా భక్తి లినెన్ రూములో ఉందనుకునేదాన్ని. ఆ శుక్రవారం అది నాకు అప్పగించిన మనిషి పళ్లెం మూత కింద ఉంది, నేను దాన్ని దాటుకుని ప్రార్థనకి వెళ్లాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన క్రైస్తవ పిల్లలకి నేను చెప్పేది ఇదొక్కటే.

తరువాతి శుక్రవారానికి తాత ఇంకా వార్డులోనే ఉన్నాడు. టిఫిను రాగానే వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను.

“నా మీద నమ్మకం పోనాదేటమ్మా?” అన్నాడు.

“నమ్మకం ఉంది తాతా. మూత తియ్యి,” అన్నాను.

తీశాడు. రొట్టె తిన్నాడు, గుడ్డు తిన్నాడు. ఆయన అరటిపండు తొక్క పళ్లెంలో పెట్టేదాకా నేను కదల్లేదు. అక్కడే నిలబడి, కళ్లు తెరుచుకునే, పన్నెండో నంబరు కోసం ప్రార్థన చేశాను.