తెరిచి ఉన్న కళ్లు

ఇవాళ పొద్దున హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక ఇంటి గుమ్మంలో చామంతుల వాసన తగలగానే, చిన్నప్పటి పటమట గుర్తొచ్చింది.

నాన్న అక్కడి చర్చిలో పాస్టరు. సువార్తమ్మగారి కొడుకుని సమాధి చేసిన మర్నాడు పరామర్శకి వెళ్తూ నన్నూ తీసుకెళ్లారు. ఫోటోకి ముందురోజు వేసిన చామంతి దండ ఇంకా ఉంది.

"అయ్యగారూ, ప్రార్థన తర్వాత చేద్దురుగాని. కాసేపు మావాడి గురించి చెప్పుకోనివ్వండి," అందావిడ.

నాన్న గబుక్కున లేచి, "ప్రార్థన చేసుకుందామమ్మా," అని కళ్లు మూసుకున్నారు.

ప్రార్థన ఆపమన్నందుకు ఆవిడ మీద దేవుడికి కోపమొస్తుందని నాకు భయమేసింది. దొంగచాటుగా కళ్లు తెరిచాను. ఆవిడ కళ్లు మూసుకోలేదు, నాన్ననే చూస్తోంది. నాన్న రెప్పలు అదురుతున్నాయి, గొంతు పెద్దదవుతోంది. దేవుడికి వినబడాలని కాబోలు అనుకున్నాను.

ఆ గొంతు ఆవిడ మాటని కప్పేయడానికని ఇప్పుడు తెలుసు. నేనూ పాస్టర్నే. "ముందు వినండి" అని కొత్త పాస్టర్లకి పాఠాలు చెబుతాను కూడా.

పొద్దున ఆ ఇంట్లో, కూతుర్ని పోగొట్టుకున్న తల్లి, "మా అమ్మాయండీ..." అంటూ ఏదో చెప్పబోయింది.

అప్పటికే నేను కళ్లు మూసేసుకున్నాను.