అత్తారిల్లు లేని కుర్చీ

హనోకుగారికి ఏ వస్తువునీ ఒక్క పనికే వాడడం చేతకాదు. అనకాపల్లిలో మందుల షాపు నడిపే ఈ మహానుభావుడి లెక్కలో ప్రతిదానికీ ఓ పుట్టిల్లు, ఓ అత్తారిల్లు ఉంటాయి. పుట్టిన పని ఒకటి, మెట్టిన పని ఇంకొకటి.

ఆయన్ని కట్టుకున్న పాపానికి రోజలిన్ ఇరవై రెండేళ్లుగా ఈ పెళ్లిళ్లన్నీ చూస్తోంది. పాత ఎక్స్‌రే ఫిల్ములు కిటికీ తెరలయ్యాయి. ఇంటికొచ్చిన చుట్టాలు ఎవరివో పక్కటెముకలు చూస్తూ కాఫీ తాగాలి. సెలైన్ సీసాలు గులాబీ మొక్కలకి నీళ్లెక్కిస్తాయి. ఆయన పెళ్లి కోటు గ్రైండర్ మీద ముసుగు. కుర్చీల్లో ఒకటి బిందెల స్టాండు, ఒకటి అటకెక్కే నిచ్చెన, మూడోదాని కింద కోళ్లు. కూర్చోడానికి తప్ప అన్నిటికీ ఆ ఇంట్లో కుర్చీలున్నాయి.

"ఒక్క కొత్త కుర్చీ కొనండి. వెనక్కి చేరబడి కూచుంటాను," అని ఆవిడ ఏటా క్రిస్మస్‌కి అడిగేది.

"కొత్తదెందుకే? పాత టైరొకటుంది, సూత్తూండు," అనేవాడాయన.

ఆ టైరులో ఇప్పుడు పుదీనా పెరుగుతోంది.

షాపులోనూ అదే వరస. ఆస్పిరిన్ కొన్నవాడికి దాని జాతకం ఉచితం. "దీని పుట్టిల్లు జొరం. అత్తారిల్లు గుండె. అక్కడే పేరు తెచ్చుకుంది!" అని మొదలెడితే, "బస్సెళ్లిపోతంది, బిళ్ళియ్యండి బాబూ," అని జనం మొత్తుకునేవారు.

2008లో ఒక మధ్యాహ్నం రోజలిన్ క్యారేజీ పట్టుకొచ్చేసరికి, కొండకర్ల చెరుకు రైతు నూకరాజు, ఆయన భార్య దేముడమ్మ కౌంటరు దగ్గరున్నారు. నూకరాజుకి మెదడులో గడ్డ, చెడ్డ రకం. విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు, కరెంటు పెట్టారు, మందులిచ్చారు. గడ్డ ఆ మందులకి అలవాటు పడిపోయి మళ్లీ పెరగసాగింది. డాక్టరుగారు ఇప్పుడతన్ని కొత్త వైద్యం పనిచేస్తుందో లేదో చూసే ఒక పరీక్షలో చేర్చుకుని, అసలు మందుతో పాటు మలేరియా మాత్ర కూడా రోజూ మింగమన్నారు.

"మలేరియా బిళ్ళ, బావా!" నూకరాజు చీటీని కౌంటరు మీద కొట్టాడు. "మా ఊళ్ళో మలేరియా వర్కరు ఇంటింటికీ ఊరికే పంచీ బిళ్ళ! అంటే ఏటి? నన్నొదిలేసేరు. మొకమ్మీద సెప్పలేక దోమల మందిచ్చి పంపేసేరు. నాను మింగను."

"మూడ్రోజులై ఇదే పాట, అమ్మా," అంటూ దేముడమ్మ రోజలిన్ దగ్గర కళ్లు తుడుచుకుంది.

హనోకుగారి మొహం మాత్రం వెలిగిపోయింది. "ఒదిలెయ్యలేదు బావా! ఆ బిళ్ళని అత్తారింటికి పంపేరు! సూడు, మందు దెబ్బకి ఆ గడ్డ సావాలి కదా? సావట్లేదు. తనలో ఉన్న సెత్తంతా ఏరుకుని, దాన్నే వండుకు తిని బతికేత్తంది. ఈ బిళ్ళ ఆ పొయ్యి ఆర్పేత్తదేమోనని డాక్టర్ల ఆశ. ఆశే, హామీ కాదు. అందుకే పరీచ్చంటన్నారు."

రోజలిన్ క్యారేజీ కింద పెట్టింది. "సెత్తంతా దాసుకుని వాడుకుంటదా? అయితే ఆ గడ్డ అచ్చం మీలాంటిదేనండీ!"

ముందు దేముడమ్మ నవ్వింది. నూకరాజు కూడా ఆగలేకపోయాడు. అంతలోనే మొహం దించేసుకున్నాడు.

"మింగి ఏటి సేత్తాను బావా? కుడిసెయ్యి పట్టు తప్పింది. కత్తి పట్టలేను, సెరుకు నరకలేను. పనికిరానోణ్ణి."

ఆ చివరి మాట హనోకుగారి ముందు అనకూడదు. తుప్పు పట్టిన సూదిని అన్నా ఊరుకోడు.

"ముప్పై ఏళ్లు బెల్లం వండినోడివి, పనికిరావా? నా షాపులో సేదు మందు మింగలేక పిల్లలేడుత్తన్నారు. రేపట్నుంచి రా. ఏ మందుకి ఏ బెల్లమో నువ్వు సెప్పాలి. ముందు నీ బిళ్ళ మింగి వాళ్లకి సూపించాలి!"

మర్నాడు రోజలిన్ వెళ్లేసరికి కౌంటరు వెనక నూకరాజు జమీందారులా కూర్చుని ఉన్నాడు. బిళ్ళ మింగి, మొహం చిట్లించి, బెల్లం ముక్క చప్పరించి, "ఈ రకం దగ్గు మందుకి సాలదు. నల్లబెల్లం తెండి," అని తీర్పిచ్చాడు. వారం తిరక్కుండా ఏ జబ్బూ లేని పిల్లలు కూడా మందులకి రావడం మొదలెట్టారు.

రోజలిన్ చూపు మాత్రం ఆ మొదటి రోజే అతని కింద ఉన్నదాని మీద పడింది. చేతులున్న సరికొత్త పేము కుర్చీ!

"ఇరవై రెండేళ్లు అడిగితే నాకు టైరు సూపించేరు. సరే. దీని అత్తారిల్లేదండీ?"

హనోకుగారు గొంతు తగ్గించాడు. "దీనికి అత్తారిల్లు లేదే. అతనికి ఒళ్లు తూలిపోతంది. ఆనుకోడానికి సేతులుండాలి. ఇది కూచోడానికే."

షాపుకి బెల్లం పరీక్షకుడు అక్కర్లేదని రోజలిన్‌కి తెలుసు. ఒక మనిషి రోజూ కళ్లెదుట మందు మింగాలి, అంతే. ఆవిడకి కోపం రావలసింది పోయి మొగుడు ముద్దొచ్చాడు.

ఆరు నెలల తర్వాత స్కానింగు రోజున కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరో దానిమీద అట్టపెట్టె పెట్టబోయారు. "తియ్యండి! అది కూచోడానికి!" అని హనోకుగారు కేకేశాడు. అలాంటి మాట ఆయన నోట వినడం అనకాపల్లికి అదే మొదటిసారి.

సాయంత్రం దేముడమ్మ బస్సు దిగుతూనే అరిచింది. "పెరగలేదంట!"

"తగ్గిందా?" హనోకుగారు ఎదురెళ్లాడు.

"తగ్గిందనలేదు. ఏ మందు పనిసేసిందో ఇప్పుడే సెప్పలేమన్నారు. పెరగలేదన్నారు!"

"సాలు," అన్నాడు హనోకుగారు, కళ్లొత్తుకుంటూ. నూకరాజు కుర్చీలో చేరబడి దారిన పోయేవాళ్లందరికీ బెల్లం పంచాడు.

ఆ క్రిస్మస్‌కి రోజలిన్ ఏమీ అడగలేదు. అడక్కుండానే ఇంటికి రెండో పేము కుర్చీ వచ్చింది. ఆవిడ వెనక్కి చేరబడి, కాళ్లు చాపుకుని, ఎవరివో పక్కటెముకలు చూస్తూ హాయిగా కాఫీ తాగింది. ఆ కుర్చీకి చుట్టొచ్చిన ప్లాస్టిక్ కవరు మాత్రం అప్పటికే కోళ్ల గూటికి పైకప్పైపోయింది.