మెమరీ నిండుకుంది

మా ఇళ్లలో బియ్యం అయిపోయాయని ఎవరూ అనరు, నిండుకున్నాయంటారు. లేదు అంటే నిజంగానే లేకుండా పోతుందని భయం. నోటికి అలవాటైన ఈ మాట నన్ను ఒకసారి చాలా దూరం తప్పుదారి పట్టించింది.

వికారాబాద్‌లో అద్దె ఇంటి పైగదిలో కూర్చుని హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీకి పని చేస్తాను. అప్పుడు మా చేతిలో ఉన్నది మాండలిక నిఘంటువు. మా జిల్లా ఊళ్లలో పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసి, ఒక్కో మాటకు అర్థం, వాళ్లు చెప్పిన వాక్యం, వాళ్ల గొంతు కలిపి ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో పెట్టాం. ఎక్స్‌ఎంఎల్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. డబ్బాలో డబ్బా, అందులో ఇంకో డబ్బా, ప్రతిదానికీ పేరు చీటీ. ఆ డబ్బాలు విప్పడానికి ఎవరో రాసి అందరికీ వదిలిన ప్రోగ్రాము ఒకటుంది, దాన్ని లైబ్రరీ అంటారు. దాన్ని వాడుకుని మాటలను పేజీలుగా పేర్చే స్క్రిప్టు మాత్రం నేను రాసిందే.

బషీరాబాద్ మాటలన్నీ మా పెద్దమ్మవి. అమ్మకు అక్క. పుట్టింది పెద్దేముల్, కాపురం కన్నడ సరిహద్దు పక్కనున్న బషీరాబాద్, చివరి రోజుల్లో తాండూరులో కొడుకు దగ్గర ఉంది. ఆమె నోట ప్రతి రెండో మాటకూ కన్నడం తోడొచ్చేది. తాండూరు ఇంట్లో చల్లటి బండల మీద కాళ్లు చాపుకుని చెబుతూ పోయేది, నేను ఫోను ముందుంచి అడిగేదాన్ని. మధ్యలో ఆగి, "తిన్నవా బిడ్డా?" అనేది.

"రికార్డు అయితున్నది పెద్దమ్మా."

"కానియ్. నువ్వు తినలేదని గది గూడ రికార్డు కానియ్."

విని రాసుకునేటప్పుడు నేను ఆ మాటలు కూడా వదల్లేదు. పేజీలుగా పేర్చడం మొదలుపెట్టక ముందే ఎండాకాలంలో పెద్దమ్మ చనిపోయింది.

దినాలయ్యాక మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాను. స్క్రిప్టు వికారాబాద్ మాటలు, పెద్దేముల్ మాటలు చకచకా పేర్చుకుంటూ వచ్చి, పెద్దమ్మ దగ్గరికి రాగానే కూలిపోయేది. తప్పు ఎక్కడో చెప్పేది కాదు. మెమరీ గురించి ముక్తసరిగా ఒక వాక్యం తెర మీద పడేసి ఆగిపోయేది. మళ్లీ నడిపితే మళ్లీ ఆమె దగ్గరే. ఒకసారి ఒక మాట వద్ద, ఇంకోసారి ఇంకో మాట వద్ద.

మేనేజరు ఫోన్ చేస్తే అలవాటుకొద్దీ, "మెమరీ నిండుకుంది సార్" అన్నాను. నేను చాలట్లేదని అన్నాను, ఆయన నిండిపోయిందని విన్నాడు. కంప్యూటర్లో ఆ రెండూ ఒకటే కనుక ఎవరికీ అనుమానం రాలేదు. పెద్దమ్మ వాక్యాలు పొడుగు, అందుకే చోటు సరిపోవడం లేదని ఇద్దరం తేల్చేశాం. కంప్యూటరుకు ఇంకో ర్యామ్ వేయించాను. ఫైళ్లను ముక్కలు చేశాను. పని అయిన ప్రతిదాన్నీ ఎప్పటికప్పుడు ఖాళీ చేయించాను. అంత చేశాక అది ఇంకా ముందే కూలడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

ఒక మధ్యాహ్నం, కూలిపోయే ముందు స్క్రిప్టు రాసిపెట్టిన పేజీలు తెరిచి చూశాను. 'కందికట్టె' అనే మాట కింద ఉండాల్సిన వాక్యం లేదు. "తిన్నవా బిడ్డా?" అని ఉంది. మళ్లీ నడిపాను. ఈసారి 'వాకిలి' కింద, "జర కూసో, పోదువు గని."

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. అవి ఉన్నా ఇంత శుద్ధంగా, అక్షరదోషం లేకుండా రాయవనుకుంటాను. కింద రోడ్డు మీద ఆటోల మోత వినిపిస్తూనే ఉంది, అయినా వెనక్కి తిరిగి చూడలేకపోయాను. ఆ రోజు నుంచి స్క్రిప్టు నడపాలంటే భయం, నడపకుండా ఉండాలంటే బెంగ. ఆమె మాటలు అచ్చులోకి పోవడం ఆమెకే ఇష్టం లేదేమో అని కూడా అనుకున్నాను.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మేనేజరు మళ్లీ ఫోన్ చేశాడు. "గామె భాగం తీసెయ్యమ్మా. మిగిలిందంత శుక్రారం వరకు పంపియ్. ఒక్కరి కోసం పుస్తకం ఆపుతమా?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. పెద్దమ్మ పుస్తకంలో ఉండదని ఇంట్లోవాళ్లకు చెప్పాలి కదా అని రైలెక్కి తాండూరు పోయాను. అన్న బజారుకు పోయాడు. వదిన వంటింట్లో ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక గడపలో కూర్చున్నాను. వదిన గిన్నెలోకి బియ్యం కొలుచుకుని, అందులోంచి గుప్పెడు తీసి మళ్లీ డబ్బాలో వేసింది.

"కొలిచినయి మల్ల ఎందుకేస్తున్నవు వదినా?"

"అత్తమ్మ చేసిన అలవాటు. డబ్బా వట్టిగ చెయ్యొద్దంటుండె."

ఆ డబ్బా చూస్తుంటే అసలు సంగతి తట్టింది. నా మెమరీ నిండలేదు. వట్టిపోయింది. వట్టి చేసింది నేనే.

కన్నడం కలిసిన పెద్దమ్మ మాటలను వేరే ఫైలులో పెట్టుకున్నాం. స్క్రిప్టు ఒక్కో మాటను అక్కడి నుంచి తెచ్చి నిఘంటువులో అతికించేది. ఫైలును పట్టుకుని ఉండమని నేను చెప్పలేదు కనుక, ఇక దానితో పనిలేదనుకుని లైబ్రరీ దాన్ని ఖాళీ చేసేది. మాట కొత్తింటికి వచ్చింది గాని, దాని సామాను, అంటే అర్థం, వాక్యం, అంతా పుట్టింట్లోనే ఉంది. సామాను కోసం వెళ్తే పుట్టిల్లు లేదు. ఆ చోట అప్పుడే చదివిన వేరే వాక్యం ఉంటే అది బయటికొచ్చేది, ఏమీ లేకపోతే స్క్రిప్టు కూలేది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా.

"ఏదో చెప్తనంటివి?" అంది వదిన.

"ఏం లేదు. పెద్దమ్మ మాటలు పుస్తకంల వస్తున్నయి."

తిరిగొచ్చి ఒకే ఒక్క వరుస చేర్చాను. పని మొత్తం అయ్యేదాకా కన్నడ ఫైలును చేతిలోంచి వదలకుండా పట్టుకునే వరుస. దానికి 'గుప్పెడు' అని పేరు పెట్టాను. స్క్రిప్టు మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా నడిచింది. పెద్దమ్మ మాటలన్నీ వచ్చాయి. కందికట్టె కింద కందికట్టె వాక్యమే, వాకిలి కింద వాకిలి వాక్యమే. శుక్రవారం పంపించాను. మేనేజరు, "మస్తయింది" అన్నాడు.

ఆ సాయంత్రం పేజీలన్నీ ఒకటికి రెండుసార్లు చూశాను. ప్రతిదీ ఉండాల్సిన చోటే ఉంది. అడగని చోట నన్ను పలకరించే మాట ఒక్కటీ లేదు. తప్పు సరిదిద్దాను, ఆమె రావడం మానేసింది. ఆమె చనిపోయిన రోజున కూడా నేను అంతగా ఏడవలేదు.

పాత స్క్రిప్టును నేను చెరపలేదు. పనేమీ లేని మధ్యాహ్నాలు దాన్ని తెరిచి నడుపుతుంటాను. చాలాసార్లు ఊరికే కూలిపోతుంది. నిన్న మాత్రం కూలే ముందు 'పొయ్యి' అనే మాట కింద ఒక వాక్యం రాసి పోయింది.

"తిన్న పెద్దమ్మా" అన్నాను. నిజానికి ఇంకా తినలేదు. లేచి బియ్యం కడిగాను.