ముందురోజు చెప్పాల్సిన భోజనం

మా పెద్దమ్మ పెరట్లో జారిపడిందని మొగల్తూరు నుంచి పక్కింటివాళ్ళు ఫోన్ చేసినప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. పిల్లల్లేరు, పెదనాన్న పోయి ఆరేళ్ళు. రాజమండ్రిలో నేను అద్దెకుండేది రెండో అంతస్తు, ఆ మెట్లు ఆవిడ ఎక్కలేదు. పడ్డప్పుడు విరిగిన ఆవిడ చేతి కట్టు విప్పగానే, రావులపాలెం దగ్గర ఒక వృద్ధాశ్రమం ఉందంటే చూసొద్దామని బయల్దేరదీశాను. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఉదయం ఏడింటికి మొగల్తూరు నుంచి ఆటోలో నరసాపురం, అక్కణ్ణుంచి పాలకొల్లు, సిద్ధాంతం మీదుగా రావులపాలెం బస్సు. రెండు గంటలు పట్టింది, టికెట్ ఇరవై రెండు రూపాయలు. దారి పొడుగునా వాచీ చూసుకుంటూనే ఉన్నాను. ఆవిడ ఒప్పుకుంటే నేను వదిలించుకున్నట్టు, ఒప్పుకోకపోతే మళ్ళీ ఆ ఫోన్ ఎప్పుడు మోగుతుందోనని భయం. వంతెన మీద గోదావరిని కూడా సరిగ్గా చూడలేదు. రావులపాలెంలో దిగగానే పెద్దమ్మ అరటిగెల బేరం మొదలెట్టింది.

"గెలెందుకు పెద్దమ్మా? చూసి వచ్చేయడమేగా!"

"ఉత్త చేతుల్తో ఎలా వెళ్తామే?"

ఆటో డ్రైవరు గెల వెనక పెడుతూ, "అక్కడికి పళ్ళు తెచ్చేవాళ్ళే గానీ ఓ పూట కూర్చునేవాళ్ళు తక్కువండి" అన్నాడు. ముప్ఫై రూపాయలు తీసుకున్నాడు.

ఆశ్రమం శుభ్రంగా ఉంది. బాత్రూముల్లో పట్టుకోవడానికి కమ్మీలు, మంచం పక్కన బెల్లు, వారానికోసారి డాక్టరు. నెలకెంత, అడ్వాన్సెంత అని నేను అడుగుతుంటే పెద్దమ్మ మేనేజరుగారిని ఒక్కటే అడిగింది.

"నాకోసం ఎవరైనా వస్తే అన్నం పెట్టొచ్చాండి?"

"ముందురోజు చెప్పాలండి. పదిహేను రూపాయల కూపను. ఇవాళ మాత్రం మీరు మా చుట్టాలు, భోంచేసి వెళ్ళండి."

గుమ్మంలోకొచ్చిన మనిషిని తినకుండా పంపడం పెద్దమ్మకి తెలీదు, ఇక ఒప్పుకోదనుకున్నాను. భోజనాల దగ్గర ఆవిడ గరిటె అందుకోబోతే వంటావిడ "కూర్చోండమ్మా, మేం వేస్తాం" అంది. కూర్చుంది గానీ, ముఖపరిచయం కూడా లేని పక్కావిడని "ఇంకాస్త పప్పు వేయించుకోండి" అని బలవంతం చేయడం మానలేదు. ఆవిడ సిగ్గుపడుతూనే వేయించుకుంది.

తిరుగు బస్సులో పెద్దమ్మ ఉన్నట్టుండి "నేను అక్కడికి వెళ్ళిపోతానే" అంది. నాకోసం అంటోందేమోనని, నిజం చెప్పమన్నాను.

"రోజూ ఎవరైనా వస్తారని గ్లాసుడు బియ్యం ఎక్కువ పోస్తానే. ఎవరూ రారు. సాయంత్రం ఆ అన్నం పక్కింటి గేదెకి పట్టుకెళ్తాను. మొన్న పడింది ఆ గిన్నెతోనేగా! అక్కడైతే ఎవరొస్తారో ముందురోజే తెలుస్తుంది."

ఆవిడ పడింది ఆదివారం. ఆ ఆదివారం వస్తానని చెప్పి రాకుండా మానేసింది నేనే. ఆ సంగతి ఆవిడ ఎత్తలేదు, నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ముందు ఒక నెల ఉండి చూద్దామనుకున్నాం, ఇంటి తాళం ఆవిడ దగ్గరే. ఇల్లా, ఆశ్రమమా అని ఇన్నాళ్ళూ కమ్మీల్నీ, బెల్లునీ, డాక్టరునీ బేరీజు వేశాను గానీ, నేనెన్నిసార్లు వెళ్తానన్నది ఆ లెక్కలో వేసుకోనే లేదు. నా మనసు ఇంకా కుదుటపడలేదు.

వెళ్ళబోయేవాళ్ళకి ఒక్క మాట: అలాంటి చోటికి భోజనాల వేళకి వెళ్ళి, అక్కడివాళ్ళ పక్కన కూర్చుని తినండి. మీ మనిషిని చేర్పించాక, చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఒకరోజు ముందే ఫోన్ చేసి చెప్పండి. చెప్పాక మాత్రం వెళ్ళండి.