ఆస్కర్ ఫోనులో నాలుగు విరామాలు

అమెరికాలోని డులూత్‌లో తను ఇంటింటికీ తిరిగి టెలిఫోన్లు బిగించిన రోజుల గురించి ఎవరైనా అడిగితే వెర్నా హాల్వర్సన్‌కు ముందు గుర్తొచ్చేది ఆస్కర్ నియెమీయే.

1989లో, సరస్సు మీద మంచు కరుగుతున్న రోజుల్లో, ఆయన కొత్త ఫోను కొన్నాడు. ఇనుప ఖనిజం రేవులో నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. చేతులు వణికేవి. తమ్ముడు టోయివో కెనడాలోని థండర్ బేలో వృద్ధాశ్రమంలో ఉండేవాడు. అక్కడికి ఫోను చేస్తే రికార్డు చేసిన ఆడగొంతు వినిపించేది. అది ఆగాక స్టార్ నొక్కి, గది నంబరు నొక్కాలి. ఆస్కర్ వేళ్లు మీటలు వెతుక్కునేలోపే లైను తెగిపోయేది.

"ఒక్క మీటతో అయ్యేలా చూడమ్మాయ్," అన్నాడు, ఫోను బిగించడానికి వచ్చిన వెర్నాతో.

వెర్నా మొత్తం నంబరు, స్టార్, టోయివో గది నంబరు 214 వరసగా ఎక్కించి మీట నొక్కింది. రికార్డు గొంతు పలుకుతుండగానే అంకెలన్నీ వెళ్లిపోయాయి. లైను తెగింది.

"మీ ఫోను ఆవిణ్ని మాట్లాడనివ్వడం లేదు."

"మా టోయివో కూడా అంతే. ఎవర్నీ మాట్లాడనివ్వడు."

వెర్నా గడియారం చూస్తూ ఆ గొంతును మళ్లీ వింది. పదకొండు సెకన్లు. ఆ ఫోనులో ఒక్కో విరామం మూడు సెకన్లు, చిన్న తెర మీద P అని కనిపించేది. నంబరు తర్వాత నాలుగు P లు పెట్టి, ఆపైన స్టార్, 214 ఎక్కించింది. ఈసారి గంట మోగింది.

"ఎవరది?" అంది అవతలి గొంతు.

"నేనేరా," అన్నాడు ఆస్కర్.

రెండేళ్లు ప్రతి ఆదివారం మాట్లాడుకున్నారు. తర్వాత టోయివో పోయాడు. నెల తిరిగాక ఒక శుక్రవారం వెర్నా పనిచేసే ఫోన్ల దుకాణానికి ఆస్కర్ ఫోను చేసి, ఆ మీటలో నంబరు తీసేయమన్నాడు. సోమవారం వెర్నా వెళ్లేసరికి కాఫీ, యాలకుల రొట్టె సిద్ధంగా ఉన్నాయి.

"నిన్న అలవాటుకొద్దీ నొక్కేశాను," అన్నాడు. "ఎవరో ఆడమనిషి తీసింది. పొరపాటైందని పెట్టేయబోతుంటే, 'ఉండండి, నేనొచ్చాక ఈ ఫోను మోగడం ఇదే మొదటిసారి' అంది. పేరు ఎల్వీ. మా వాళ్లే, ఫిన్నిష్ మాట్లాడుతుంది. నలభై నిమిషాలు వదల్లేదు."

"అయితే తీసేయొద్దా?"

"ఆవిడ రేపు కిటికీ ఉన్న గదికి మారుతోందట. 231. అది మార్చిపెట్టు."

వెర్నా 214 చెరిపేస్తుంటే ఆయన ముఖం తిప్పుకుని కప్పులో కాఫీ పోశాడు. అప్పటికే నిండుగా ఉన్న కప్పది. పొంగి బల్ల మీద పడింది. ఆమె చూడనట్టే తలొంచుకుని 231 నొక్కింది.

మీట పక్కన కాగితం మీద టోయివో పేరుంది. కొత్త కాగితం అతికించబోతే ఆస్కర్ వద్దన్నాడు. ఆ పేరు కిందే, వణికే చేత్తో, ఎల్వీ అని తనే రాసుకున్నాడు.

వాళ్లిద్దరూ మూడేళ్లు మాట్లాడుకున్నారు. ఒక్కసారీ ఎదురుపడలేదు. ఆ మూడేళ్లూ రేవు వైపు ఏ పని పడినా వెర్నా ఆయన ఇంట్లో ఆగి, ఎల్వీ కబుర్లు వినే వెళ్లేది.