కారుకు వేసిన స్లాబు

ఆ రోజుల్లో బంబైలోని మా గల్లీలో ఒకరిని ఒక మాట అడిగితే పదిమంది జవాబు చెప్పేవారు. మా చాల్‌లో, అంటే వరస గదుల మేడలో, ఒక ఖోలీకీ పక్క ఖోలీకీ మధ్య ఉన్నది చెక్క గోడే కాబట్టి రహస్యాలకు చోటు లేదు, సలహాలకు కొదవ లేదు. నాలాంటివాడికి అది పెద్ద కష్టం. ఎవరు ఏం చెప్పినా ఒప్పుకునే రకం నేను. పొద్దున విన్నది నిజమనిపించేది, మధ్యాహ్నానికి దానికి సరిగ్గా ఎదురు మాట అంతకన్నా నిజమనిపించేది. (మా ఆవిడ ఇప్పటికీ నన్ను కూరగాయలకు పంపదు. వంకాయలు కొననా, బెండకాయలు కొననా అని బండివాడినే అడుగుతానట.) అలాంటి నా చేతిలో, మీసం సరిగ్గా కుదురుకోని వయసులో, తుప్పు పట్టిన కారు ఒకటి పడింది. దాన్ని బాగు చేయించాలా, వదిలించుకుని ఇంకోటి తేవాలా అన్నది తేల్చాల్సిన బాధ్యత కూడా నా మీదే పడింది.

మా నాయిన మేస్త్రీ. తాతల కాలంలో పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరి గోడలు లేపినవాళ్ల వంశం. (కామాఠీపురాలో ఏ పాత మేడ చూపించినా "గిది మనోళ్లు కట్టిందే" అనేవాడు. కాదనేవాళ్లు లేరు, ఔననడానికి సాక్షులూ లేరు.) మోకాళ్లు అరిగి పరంజా ఎక్కలేని రోజు వచ్చినప్పుడు, ఆయన ఏళ్ల తరబడి పనిచేసిన సేఠ్ తన పాత కారును ఇచ్చేశాడు. వెనక తలుపు పైకి లేచే పెట్టెలాంటి కారు. నాయినకు నడపడం రాదు. అయినా రోజూ పొద్దున్నే దాన్ని తుడిచి, ముందు సీట్లో కూర్చుని చాయ్ తాగేవాడు. పని పోయాక ఆయన ముఖంలో కళ కనిపించింది ఆ కాసేపే. నేను డ్రైవింగు నేర్చుకున్నదీ అందులోనే. కానీ సముద్రపు గాలికీ, మా వానలకూ ఆ కారు కింది నుంచి కరిగిపోతూ వచ్చింది. ఒకరోజు అక్కను వెనక కూర్చోబెట్టుకుని గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర దింపితే ఆమె ఒక కాలికే చెప్పుంది. రెండోది దారిలో ఎక్కడో నేల రేకు పొక్కలోంచి జారిపోయింది. "కార్ల కూసుండి చెప్పు పోగొట్టుకున్నదాన్ని బంబై మొత్తంల నేనొక్కదాన్నేరా" అని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

సరిగ్గా అప్పుడే నాకో పని తగిలింది. దాదర్‌లో పెళ్లిళ్లకు వంటలు చేసి పంపే ఒకావిడ ఉండేది. అందరం మావ్శీ అనేవాళ్లం. (మరాఠీలో పిన్ని అని అర్థం, మనిషి మాత్రం పక్కా తెలుగు.) గిన్నెలు చేరవేయడానికి సొంత బండి ఉన్న పోరడు కావాలంది. ఉందన్నాను. "అచ్ఛా. వచ్చే నెల తొలి ఆదివారం పెండ్లి బువ్వ ఉన్నది. బండి తీస్కరా. నచ్చితే పక్కా, లేకుంటే నీ తొవ్వ నీది" అంది. అప్పటికి నేను పని అడగని దుకాణం లేదు. నాయిన ఇంట్లో కూర్చున్నాడు, అవ్వ, అంటే మా అమ్మ, నాలుగిళ్లలో అంట్లు తోమితే మా పొయ్యి వెలిగేది. ఆ పని నాకు దొరికి తీరాలి. అంటే బండి కావాలి. ఏ బండి అన్నదే ప్రశ్న.

ధారావిలో పనిచేసే మన పాలమూరు మెకానిక్కు ఒకడున్నాడు, ఉస్తాద్ అనేవాళ్లం. వచ్చి కారు కింద దూరాడు. కాసేపటికి అతని చెయ్యి నేల రేకు పొక్కలోంచి కారు లోపలికి వచ్చి వేళ్లు ఆడించింది. "ఇంజన్ మస్తున్నది భాయ్, బాడీ ఖలాస్. రేకు మొత్తం కొత్తది కొట్టాలె" అన్నాడు. సరే, శనివారం వచ్చి తీసుకుపొమ్మన్నాను. సాయంత్రం అక్క భర్త, మా బావ, ఇది విని మండిపడ్డాడు. "నీకు దిమాక్ ఉన్నదా? తుప్పు ఈడ ఆపితే ఆడ లేస్తది. అమ్మేసి కిస్తుల మీద వ్యాన్ తీస్కుందాం. శనివారం గిరాకీని తోల్కొస్త." సరే బావా అన్నాను. మర్నాడు గల్లీ మొదట్లో పాత ఇనుము కొనే భంగార్‌వాలా ఎదురై, ఆ కారును ఎవడూ కొనడనీ, దాని బాధ తను తీరుస్తాననీ ఎంతో దయగా చెప్పాడు. అంత దయగా చెప్పినవాణ్ని కాదనడం ఎలా? అతన్నీ శనివారమే రమ్మన్నాను. అవ్వ అన్నం పెడుతూ, "దాన్ని ఇంట్లకెల్లి ఎల్లగొడితె మీ నాయిన పానం ఉసూరుమంటది బిడ్డా" అంది. అందరి మాటకన్నా ఆ మాటే ఎక్కువ ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

శనివారం ముగ్గురూ ఒకేసారి దిగారు. ఉస్తాద్ తాడుతో, బావ కారు కొనే గిరాకీతో, భంగార్‌వాలా తోపుడు బండితో. నేను అందరికీ కలిపి ఒకే నమస్కారం పెట్టాను. నేను ఎవరికి మాట ఇచ్చానో తేల్చుకోవడానికి వాళ్లలో వాళ్లు అరుచుకుంటూ కారు దగ్గరకు పోయేసరికి వెనక తలుపు లేచి ఉంది. వెనక సీటు రోడ్డు మీద ఉంది. లోపల నాయిన అరిగిన మోకాళ్ల మీదే ఒంగి, తాపీతో సిమెంటు నున్నగా మెత్తుతున్నాడు.

"ఎవ్వలు చెయ్యి పెట్టకుండ్రి, పచ్చిగున్నది" అన్నాడు తలెత్తకుండా.

"ఏం చేసినవ్ నాయినా?"

"పొక్క పడ్డది, స్లాబు ఏసిన. గింత దానికి గంత లొల్లా? కింద ఇనుప జాలీ పరిచిన, మీద సిమెంటు మాలు పోసిన. మోరీకి పెట్టినట్టు ఒక మూలకు నీళ్లు జారేటట్టు ఢాలు పెట్టి తూము ఇడిసిన, నిలువయి. వారం దినాలు తడపాలె. గప్పటిదాంక బండి కదలొద్దు."

తుప్పు పట్టిన కారుకు వారం రోజులు నీళ్లు! ఉస్తాద్ తల పట్టుకుని ఆ సీటు మీదే కూలబడ్డాడు. గిరాకీ వచ్చిన దారినే వెళ్లిపోయాడు. భంగార్‌వాలా మాత్రం దీన్ని ఇనుము కింద తూచాలా, గోడ కింద లెక్కేయాలా అని నన్నే అడిగాడు. (నాకూ తెలియలేదు.)

ఆ వారం మా కారు గోనెసంచులు కప్పుకుని పడుకుంది. నల్లా దగ్గరికి పోయే ప్రతి ఆడమనిషీ తిరిగొస్తూ దానికో చెంబు పోసేది. నాయిన పక్కనే కట్టె పట్టుకుని పిల్లుల్ని తోలేవాడు. అయినా ఒకటి తొలిరోజే తన అడుగు అచ్చు వేసి పోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. కానీ "ఆ మూలకు నీళ్లు పడలేదే, సూడు" అని ఆయన మళ్లీ పనిమీద ఉన్నట్టు గొంతెత్తుతుంటే, ఎన్నాళ్లకో విన్న ఆ గొంతును ఆపాలనిపించలేదు.

పెళ్లి ఆదివారం వచ్చింది. స్లాబు బరువు, గిన్నెల బరువు కలిసి కారు వెనక్కి వాలి, ముందు దీపాలు మేడల పైఅంతస్తులు చూస్తున్నాయి. పక్కన మావ్శీ, వెనక సాంబారు. సగం దారిలో ఎవరో అడ్డం రావడంతో గట్టిగా బ్రేకు తొక్కాను. వెనక మూత ఎగిరిన చప్పుడు, ఆ తర్వాత ఏదో ధారగా పోతున్న చప్పుడు. నా ఉద్యోగమే పోతున్న చప్పుడది. బండి పక్కకు ఆపి, దేవుడా అనుకుంటూ వెనక తలుపు లేపాను.

నేల మీద నాలుగు మునక్కాయ ముక్కలు తప్ప ఏమీ లేదు. సాంబారు క్రమశిక్షణగా మూలకు పోయి, తూములోంచి దిగి, రోడ్డు పక్క కాలువలో కలిసిపోయింది. మావ్శీ మంచినీళ్ల గిన్నెలోంచి చెంబు ముంచి నేల మీద పోసింది. ఆ నీళ్లూ అదే మూలకు పోయాయి. ఇంకో చెంబు పోసింది.

"ఎన్నేండ్ల సంది ఎన్ని బండ్లల్ల నా సాంబారు ఒలికిందో! వాసన నెలల దాంక పోకపోయేది. గిదేమో కడుగుతె పాయె. ఎవలు చేసిన్రురా?"

"మా నాయిన, మావ్శీ."

"రేపటి సంది పనిలకు రా. ఒలకబోయకుండ నడుపుడు మాత్రం నేర్సుకో."

(ఆ పెళ్లిలో మిగిలిన సాంబారులో నీళ్లు కలిపి వడ్డించారు. ఇన్నేళ్లకు క్షమాపణలు.)

ఉస్తాద్ భయపడ్డట్టే, తాగిన నీళ్లకు ఆ కారు ఇవాళ తలుపు, రేపు బంపరు చొప్పున రాలిపోతూ వచ్చింది. నేను నిజంగానే కిస్తుల మీద వ్యాన్ కొన్నాక భంగార్‌వాలా వచ్చి ఇనుమంతా కోసుకుని, స్లాబును మాత్రం రోడ్డు మీద వదిలేశాడు, అది తన సరుకు కాదట. నాయిన దాని మీద అరచెయ్యి తిప్పి, "సూసినవా, ఒక్క పగులు రాలె" అన్నాడు. దాన్ని నల్లా దగ్గరికి మోయించి, రసమట్టం పెట్టి వాలు తనే చూసి, బట్టలు ఉతుక్కునే బండగా పరిపించాడు. ఆ తర్వాత చాల్‌లో ఆడవాళ్లంతా మా కారు మీదే బట్టలు ఉతికారు.

నాయిన ఇప్పుడు లేడు. చాల్ కూడా ఎక్కువ రోజులు ఉండదు. బాగు చేయించాలా, పడగొట్టి కొత్తది కట్టించాలా అని ఏళ్లుగా మీటింగులు జరిగితే నేను రెండిటికీ చెయ్యెత్తాను. చివరికి పడగొట్టడమే ఖాయమైంది. ఇప్పుడు బండ సంగతి తేలాలి. కొత్త మేడలో అన్ని అంతస్తుల పైకి దాన్ని మోసుకుపోయి ఏం చేసుకుంటామని మా ఆవిడ అంటోంది. తన చెప్పు పోయినందుకు బదులుగా తనకిమ్మని అక్క అంటోంది. పగలగొట్టి పారేయమని బావ. ముగ్గురికీ సరే అన్నాను.

ఈ పొద్దున నల్లా దగ్గర ఎవరూ లేనప్పుడు పోయి ఒక చెంబు నీళ్లు పోశాను. నీళ్లు పిల్లి అడుగులో కాస్త ఆగి, ఢాలు పట్టుకుని, నాయిన చెప్పిన మూలకే పోయాయి. నాకు నవ్వొచ్చింది. ఇంకో చెంబు పోశాను.