చెవి దగ్గర నలిపిన కవరు

అమీర్‌పేటలో రోడ్డు వేస్తున్న రోజు, కంకర కాగుతున్న డ్రమ్ముకు అడ్డంగా ఆమె నిలబడిపోయింది.

"గా సంచిల ఫ్లెక్సీ ముక్కలున్నయి తమ్మీ. అది తీస్తెనే జరుగుత."

"నీకేం ఫికర్ అక్కా? రోడ్డు నీ ఇంటి ముంగట ఏస్తున్నమా?" అన్నాడు మేస్త్రీ.

"అయితే డ్రమ్ము కాడ నువ్వే నిలబడి పొగ పీల్చు, జర చూస్త."

కూలీలు నవ్వారు. మేస్త్రీ సంచిని పక్కకు లాగేశాడు.

పారేసిన ప్లాస్టిక్‌ను తారు రోడ్డులో కలపడం అప్పుడు కొత్త. ఆ వార్త కోసమే నేను వెళ్లాను. బోరబండ నుంచి వచ్చే ఆమె పని, తారులో కలపడానికి పనికొచ్చే ప్లాస్టిక్‌ను ఏరడం. ప్రతి కవరునూ చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని నలిపేది. పాల కవరు గలగలమంటుంది, వేడికి విషపు పొగ వదిలే ఫ్లెక్సీ పలకదు. సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లు కట్టిన ఫ్లెక్సీలు ఆ పేటలో కుప్పలు. ఓసారి ఆమె చెల్లెలు ఫ్లెక్సీ ముక్కతో పొయ్యి రాజేసి నెల్లాళ్లు దగ్గిందట.

మర్నాడు వెళితే ఆమె లేదు. పనికి రావద్దన్నారట. పక్కన పెట్టిన సంచీ లేదు. ఏమైందని అడిగితే మేస్త్రీ టీ తాగమన్నాడు.

ఆమె కోసం బోరబండలో రెండుసార్లు తిరిగాను, దొరకలేదు. ఇప్పటికీ పాల కవరు ఖాళీ అయితే చెవి దగ్గరికి తీసుకెళతాను. ఆ చప్పుడు వినగానే, కళ్లు మూసుకున్న ఆ ముఖాన్ని మళ్లీ ఒక్కసారి చూడాలనిపిస్తుంది.

పంజగుట్ట వైపు వెళ్లే ఆ రోడ్డు మీద తర్వాత రెండు పొరలు వేశారు. అడుగు పొరలో ఏం కలిసిందో ఎవరూ తవ్వి చూడలేదు.